కర్త ఎవరు? ఎమ్డెన్ నౌక, యుద్ధధర్మం

భారతీయ ధర్మచింతనలో యుద్ధాన్ని గురించిన విచారణ రెండు ప్రశ్నలుగా సాగింది. ఫలానా యుద్ధం చేయదగినదా కాదా అన్నది మొదటి ప్రశ్న కాగా, చేయక తప్పని యుద్ధంలో ఏ పని చేయవచ్చు, ఏది చేయరాదు అన్నది రెండవది. ఈ రెండవదానినే యుద్ధధర్మం అంటారు. భీష్మపర్వం ఆరంభంలో కురుపాండవులు పరస్పరం చేసుకొన్న కట్టుబాట్లు, అంటే రథికునితో రథికుడే పోరాడాలి, హెచ్చరించకుండా కొట్టరాదు, వెన్నిచ్చినవానిని, ఆయుధం జారవిడిచినవానిని చంపరాదు అన్న నియమాలు దీనికి చెందినవే. మనుస్మృతి ఏడవ అధ్యాయం విషం పూసిన బాణాలనూ, లోపల దాచిన ఆయుధాలనూ, నిప్పుతో మండే అమ్ములనూ నిషేధించడంలోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. ఈ నియమాలన్నిటి వెనుకా పైకి చెప్పని ఒక నమ్మకం ఉన్నది. ఆయుధం యోధుని చేతిలో ఉంటుంది, ఎక్కుపెట్టినవాడు తలచుకొంటే దించగలడు, కాబట్టి ధర్మాధర్మాల భారమంతా అతని శీలం మీదనే మోపవచ్చు అన్నదే ఆ నమ్మకం. అయితే వేల టన్నుల ఉక్కుతో కట్టి, వందలమంది మనుషులను తన కడుపులో పెట్టుకొని, వారిలో ఎవరు ఎక్కడ నిలబడి ఏం చేయాలో ముందుగానే నిర్ణయించి ఉంచే యుద్ధనౌక విషయంలో ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందన్నది ఆలోచించవలసిన సంగతి. చెన్నపట్నం మీద గుండ్లు కురిపించినందువల్ల దక్షిణాదికి బాగా తెలిసిన జర్మన్ నౌక ‘ఎమ్డెన్’ ఈ విచారణకు తగిన ఉదాహరణ. దాని నాయకుడు కార్ల్ ఫాన్ ముల్లర్‌ను శత్రుదేశపు పత్రికలే మర్యాదస్థుడని మెచ్చుకొన్నాయి. ఆ మర్యాదలో అతని పాలు ఎంత, నౌక పాలు ఎంత అని విడదీసి చూసినవారు మాత్రం తక్కువ.

ఎమ్డెన్ తేలికరకం క్రూజర్. క్రూజర్ అంటే స్థావరానికి దూరంగా చాలాకాలం ఒంటరిగా తిరగగల యుద్ధనౌక. తేలికరకం అంటే మందమైన ఉక్కు కవచాన్నీ పెద్ద ఫిరంగులనూ వదులుకొని, ఆ బరువును వేగానికీ దూరప్రయాణానికీ వాడుకొన్నది. జర్మన్ నౌకాదళానికి ఆ కాలంలో రెండు వేర్వేరు అవసరాలు ఉండేవి. యూరప్ సముద్రాలలో పెద్ద యుద్ధనౌకల సమూహానికి ముందు నడుస్తూ శత్రువు జాడ చెప్పే వేగునౌకలు కావాలి; దూరపు వలసలలో జెండా చూపుతూ పాలకుల మాట చెల్లించే గస్తీ నౌకలు కూడా కావాలి. రెండింటికీ వేరువేరుగా నౌకలు కట్టే స్తోమత లేక, ఒకే నమూనాతో రెండు పనులూ చేయించాలని చూశారు. డాన్జిగ్‌లోని ప్రభుత్వ నౌకాకేంద్రంలో 1906 నవంబరులో పని మొదలై, 1908 మేలో నీటిలోకి దిగి, 1909 జూలైలో కొలువులో చేరిన ఎమ్డెన్ ఆ రాజీకి ఫలం. పొడవు 118 మీటర్లు, వెడల్పు 13.5 మీటర్లు. తేలుతూ పక్కకు నెట్టే నీటి బరువును బట్టి నౌక పరిమాణం చెప్పే పద్ధతిలో ఇది నిండుబరువుతో సుమారు 4,270 టన్నులు. 10.5 సెంటీమీటర్ల నోరుగల ఫిరంగులు పది, నీటి అడుగునుంచి వదిలే టార్పెడో గొట్టాలు రెండు, డెక్కు మీద అత్యధికంగా 80 మిల్లీమీటర్ల కవచం, సుమారు 360 మంది సిబ్బంది. జంటనౌక ‘డ్రెస్డెన్’కు కొత్తరకం టర్బైన్లు అమర్చగా, దీనికి మాత్రం పాత పద్ధతి పిస్టన్ ఆవిరియంత్రాలనే ఉంచారు. బొగ్గుతో మండే 12 బాయిలర్ల బలంతో గంటకు ఇరవైమూడున్నర నాట్లు, అంటే దాదాపు 43 కిలోమీటర్ల వేగంతో పోగలిగేది.

ఈ అంకెలలో ధర్మవిచారానికి అన్నిటికంటే అవసరమైనది బొగ్గు లెక్క. నౌకలో నింపగలిగినది 860 టన్నుల వరకు మాత్రమే. 12 నాట్ల నెమ్మది నడకతో పోయినా అది 3,760 నాటికల్ మైళ్ళకు మించి రాదు. వేగం పెంచితే ఖర్చు ఎన్నో రెట్లు పెరిగి, ఈ దూరం దారుణంగా పడిపోతుంది. 1914 ఆగస్టులో మేరియానా దీవులలోని పాగన్ వద్ద తన తూర్పు ఆసియా దళాన్ని విడిచి, ‘మార్కోమానియా’ అనే ఒక్క బొగ్గునౌకను వెంటబెట్టుకొని ఎమ్డెన్ హిందూ మహాసముద్రంలోకి వచ్చినప్పుడు, అక్కడ దానికి ఆశ్రయమిచ్చే రేవు ఒక్కటీ లేదు. పరులమీద పడి బొగ్గు తెచ్చుకొంటేనే అది ముందుకు కదలగలదు. సెప్టెంబరు 10 ప్రాంతంలో బంగాళాఖాతంలో దొరికిన గ్రీకు నౌక ‘పోంటోపోరోస్’లో సుమారు 6,500 టన్నుల భారతదేశపు బొగ్గు ఉండగా, దానిని ముంచకుండా వెంట తిప్పుకోవడానికి కారణం దయ కాదు, అవసరం. నడిసముద్రంలో రెండు నౌకలను పక్కపక్కన కట్టి, ఉష్ణమండలపు ఎండలో గోనెసంచులతో బొగ్గు మోసి, చోటు చాలనప్పుడు డెక్కుమీద గుట్టలు పోసి, ఆ నల్లపొడి మధ్యనే తిని పడుకొన్న మనుషుల శ్రమ మీద ఎమ్డెన్ ప్రతాపమంతా నిలిచి ఉంది. ఫిరంగి పేల్చినవాని పేరు చరిత్రలో దొరకవచ్చు గాని, బాయిలర్‌లో బొగ్గు వేసినవానిని తలచుకొన్నవారు లేరు.

ఆ సెప్టెంబరులో ‘ఇండస్’, ‘లోవాట్’, ‘కిల్లిన్’, ‘డిప్లమాట్’, ‘ట్రాబొక్’, ‘క్లాన్ మాథెసన్’ వరుసగా మునిగాయి. ప్రతిసారీ జరిగిన క్రమం ఒక్కటే: ఆగమని సంకేతం, పడవలో వచ్చిన అధికారుల తనిఖీ, సిబ్బందిని సామానుతో సహా దించడం, ఆ తరువాతనే నౌకను ముంచడం. వర్తకనౌకలను ఆపి, పత్రాలు చూసి, మనుషులకు భద్రత కల్పించి, అప్పుడుగాని సరుకును నాశనం చేయరాదన్న నాటి అంతర్జాతీయ సంప్రదాయాన్ని ముల్లర్ దాదాపు అక్షరాలా పాటించాడు. ‘కబింగా’ అనే నౌకలోని సరుకు తటస్థదేశమైన అమెరికాకు చెందినదనీ, అందులో కెప్టెన్ భార్యా బిడ్డా ఉన్నారనీ తెలిసి దానిని ముంచలేదు. మునిగిన నౌకలవారినందరినీ అందులోకి ఎక్కించి విడిచిపెట్టాడు. మొత్తం మూడు నెలలలో ఎన్నో బ్రిటిష్ వర్తకనౌకలను పట్టుకోవడమో ముంచడమో చేసినా, అలా నడిసముద్రంలో చిక్కినవారి ప్రాణాలకు ముప్పు రానివ్వలేదు.

ఇది శీలమే అనడంలో సందేహం లేదు. అయితే ఆ శీలానికి చోటు ఎక్కడనుంచి వచ్చిందో కూడా చూడాలి. బందీలను తాత్కాలికంగా ఉంచుకోవడానికి డెక్కు, వారికి పెట్టడానికి తిండి, తనిఖీకి పంపడానికి మనుషులూ పడవలూ, వర్తకనౌక పారిపోతే తరిమి పట్టగల వేగం, దాని మీద ఉండదగిన చిన్న తుపాకులకు భయపడనక్కరలేని ఫిరంగిబలం ఎమ్డెన్‌కు ఉన్నాయి. నాలుగు వేల టన్నుల క్రూజర్ వర్తకనౌక ముందు నిబ్బరంగా నిలబడి మాట్లాడగలదు. మరుసటి సంవత్సరం అదే జర్మన్ దళపు జలాంతర్గాములు అదే పనికి దిగినప్పుడు ఈ నిబ్బరం లేకపోయింది. ముప్పై, నలభై మంది ఒకరినొకరు ఒరుసుకొంటూ బతికే ఆ ఇనుప గొట్టంలో బందీకి చోటు లేదు; నీటిపైకి తేలి ఆగమని అడిగితే, చిన్న ఫిరంగి దెబ్బకే దాని పల్చని పొట్ట చిల్లుపడుతుంది. బ్రిటిషువారు వర్తకనౌకల వేషంలో ఫిరంగులు దాచి తిప్పడం మొదలుపెట్టాక, ఆగి అడగడం మరీ ప్రాణాంతకమైపోయింది. 1915 మే 7న ‘లుసిటేనియా’ మీద హెచ్చరిక లేకుండా టార్పెడో వదిలి దాదాపు 1,200 మంది చావుకు కారణమైన అధికారి ముల్లర్ కంటే క్రూరుడా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. అతడు ఎక్కిన యంత్రంలో కరుణకు చోటు చాలా తక్కువగా ఉంచారన్నది మాత్రం స్పష్టం. మనిషి ధర్మం పాటించాడా లేదా అన్న విచారణ, అతనికి పాటించే వీలున్నదా అన్న విచారణ తరువాతనే రావాలి. ఆ వీలును గీతలు గీసి నిర్ణయించినవారు రేవులోనూ కచేరీలోనూ కూర్చున్నవారు.

ఈ వాదాన్ని మరీ దూరం లాగితే కెప్టెన్ కేవలం నిమిత్తమాత్రుడని తేలుతుంది. గీత పదకొండవ అధ్యాయంలోని ఆ భావనను యుద్ధాలను సమర్థించేవారు చాలా సులువుగా వాడుకొంటారు. అర్జునునికి అది చెప్పింది విశ్వరూపం చూపిన దైవమే గాని, నౌకానిర్మాణ శాఖ కాదన్న సంగతి మరచిపోతారు. నమూనా కొంత చోటు ఇస్తుంది. ఆ చోటులో ఏం చేయాలో మనిషే తేల్చుకొంటాడు. ఎమ్డెన్ కథలోనే దీనికి రెండు నిదర్శనాలున్నాయి.

మొదటిది మలయా తీరంలోని బ్రిటిష్ రేవు పెనాంగ్. మూడు పొగగొట్టాల ఎమ్డెన్‌కు కర్రచట్రమూ గుడ్డా ఉపయోగించి నాలుగో పొగగొట్టం కట్టి, దూరంనుంచి చూస్తే బ్రిటిష్ క్రూజర్ ‘యార్మత్’ అనిపించేటట్టు చేశారు. కౌటిల్యుడు యుద్ధాన్ని మూడుగా విభజించాడు. చోటూ కాలమూ చెప్పి చేసేది ప్రకాశయుద్ధం, మోసంతో చేసేది కూటయుద్ధం, గూఢచారులతోనూ విషప్రయోగంతోనూ సాగించేది తూష్ణీయుద్ధం. దొంగ పొగగొట్టం కూటయుద్ధమే. అయినా శత్రువు వేషంతో దగ్గరకు పోవచ్చు గాని, మొదటి గుండు పేల్చేముందు సొంత జెండా ఎగరేయాలన్నది ఆనాటి సముద్రయుద్ధ నియమం. 1914 అక్టోబరు 28 తెల్లవారుజామున ముల్లర్ ఆ నియమాన్ని పాటించి, జర్మన్ జెండా ఎగరేసి, రేవులో లంగరు వేసి ఉన్న రష్యన్ క్రూజర్ ‘జెమ్చుగ్’ మీద టార్పెడోలు వదిలాడు. దాని కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు, నావికులు నిద్రలో ఉన్నారు. ఎనభై మందికి పైగా చనిపోయారు. నిద్రపోతున్నవానికి జెండా ఎగరేసి చూపడం, ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా పలికి ‘కుంజరః’ అని గొణిగిన ధర్మరాజు సత్యం వంటిదే. మాట తప్పలేదు, అయినా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచే రథం కిందికి దిగింది.

తిక్కన తెలుగు చేసిన పర్వాలలో సౌప్తికం ఒకటి. నిద్రించేవారిని చంపడాన్ని లోకం మెచ్చదని కృపుడు ఎంత చెప్పినా అశ్వత్థామ వినడు. తన తండ్రినీ, భీష్మునీ, కర్ణునీ అధర్మంగానే చంపారుకదా, ధర్మసేతువు ఎప్పుడో తెగిపోయిందని జవాబిస్తాడు. పెనాంగ్‌ను సౌప్తికంతో పోల్చడం అన్యాయమనే పండితులుండవచ్చు: రష్యన్ నావికులు యుద్ధరంగంలోని సైనికులు, కావలి పెట్టకపోవడం వారి తప్పు, ఎమ్డెన్ వచ్చింది శిబిరంలోకి కాదు, శత్రురేవులోకి. ఆ వాదనలో బలం ఉంది. అయితే ఆ వెంటనే జరిగిన సంగతులే తేడాను ఇంకా బాగా చూపుతాయి. ఎదిరించి వచ్చిన ఫ్రెంచి డిస్ట్రాయర్ ‘మూస్కే’ను ముంచిన తరువాత ముల్లర్ నౌకను ఆపించి, నీటిలో పడిన 36 మందిని పైకి తీయించి, రెండు రోజుల తరువాత ఆపిన బ్రిటిష్ నౌక ‘న్యూబర్న్’ను ముంచకుండా, గాయపడినవారిని దానికి అప్పగించి రేవుకు పంపాడు. పెనాంగ్ దగ్గర పొరపాటున ఆయుధం లేని చిన్న పడవ మీద కాల్చినందుకూ, రష్యన్లను నీటిలోనుంచి తీయలేకపోయినందుకూ మరో బ్రిటిష్ నౌక ద్వారా మన్నింపు కూడా అడిగించాడు. అశ్వత్థామ కథలో మన్నింపు అడిగే ఘట్టం లేదు.

రెండవ నిదర్శనం చెన్నపట్నం. 1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, యుద్ధం ఎక్కడో యూరప్‌లో ఉందనుకొని దీపాలు వెలిగించుకొని ఉన్న నగరానికి దగ్గరగా వచ్చి, సెర్చిలైటు వేసి, అరగంటలోపే దాదాపు 130 గుండ్లు ఎమ్డెన్ పేల్చింది. బర్మా ఆయిల్ కంపెనీ కిరసనాయిలు ట్యాంకులు రెండు మండిపోయాయి. రేవులో ఉన్న ‘చుప్రా’ అనే వర్తకనౌక దెబ్బతిన్నది. కొందరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. గురి తప్పినా గుండ్లు జనావాసాల మీద పడని కోణంలో నౌకను నిలిపారని జర్మన్ కథనాలు చెబుతాయి. హైకోర్టు ప్రహరీగోడకు తగిలిన గుండు గుర్తుగా ఈనాటికీ అక్కడ ఒక ఫలకం ఉంది. ఆ హైకోర్టు గోపురం మీదనే అప్పట్లో నగరపు దీపస్తంభం వెలిగేది. సైనికావసరాలకు పనికివచ్చే నిల్వలను కొట్టవచ్చునని 1907 నాటి హేగ్ ఒప్పందం అనుమతించిన మాట నిజమే. కిరసనాయిలు ట్యాంకు నిప్పుకు, దాని పక్కన కూలి పనిచేసేవానికి మధ్య ఎంత దూరం ఉంటుందన్నది ఆ ఒప్పందం కొలవలేదు. ‘ఆంధ్రపత్రిక’ దినపత్రికగా చెన్నపట్నంలో మొదలై అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. తెలుగువారి అచ్చు, చదువు, వ్యాపారం ఆ నగరం చుట్టూనే తిరిగేవి. ఆ రాత్రి తరువాత వేలమంది ఊరు విడిచిపోయారు.

నాయకుడే అంతా అనుకొనేవారు 1911 జనవరిని కూడా చూడాలి. పసిఫిక్‌లోని పోనపే దీవిలో బలవంతపు రోడ్డుపనులకు ఎదురుతిరిగి జర్మన్ అధికారిని చంపిన సోకేస్ ప్రజలను అణచడానికి ఇదే ఎమ్డెన్ వెళ్ళి, వారు దాగిన కొండ మీద ఇవే ఫిరంగులు పేల్చింది. కెప్టెన్ వేరు, నౌక ఒక్కటే. లొంగిపోయినవారిలో పదిహేను మందిని ఫిబ్రవరిలో వరుసగా నిలబెట్టి కాల్చారు. నాలుగు వందల మందికి పైగా సోకేస్ జనాన్ని పలావు దీవులకు తరలించారు. మర్యాదస్థుడైన నావికుని కథ చెప్పే పుస్తకాలు ఈ ఘట్టాన్ని నాలుగు మాటలలో దాటిపోతాయి. వర్తకనౌకల కెప్టెన్లకు దక్కిన సంప్రదాయం ద్వీపవాసులకు దక్కలేదు, ఎందుకంటే వారిని సమాన శత్రువులుగా ఎవరూ లెక్కించలేదు. నిజానికి రథికునితో రథికుడే పోరాడాలన్న పాత నియమంలోనే ఈ లోపం ఉంది. రథం లేనివాని గతి అది చెప్పదు.

కర్త ఎవరన్న ప్రశ్నకు ఆపస్తంబ ధర్మసూత్రం సూటిగా సమాధానం చెబుతుంది. తెలుగునాట వైదికులలో ఎక్కువమంది అనుసరించే సూత్రం ఇదే. స్వర్గనరకాలు ఫలంగా కలిగిన ఏ పనిలోనైనా చేయించినవాడు, సమ్మతించినవాడు, చేసినవాడు ముగ్గురూ భాగస్వాములనీ, అందులో ఎవరి ప్రయత్నం ఎక్కువైతే వారికి ఫలం విశేషమనీ ఆపస్తంబుడు విధించాడు. ప్రయోజయిత, మంత, కర్త అన్న ఈ మూడింటిని ఎమ్డెన్‌కు అన్వయిస్తే, చేయించినవారు బెర్లిన్‌లోని నౌకాదళ కార్యాలయం. సమ్మతించినవారు బడ్జెట్టు ఆమోదించిన పార్లమెంటు సభ్యులు, వారిని ఎన్నుకొన్నవారు, తమ ఊరిపేరు పెట్టినందుకు గర్వించిన ఎమ్డెన్ పౌరులు. చేసినవారు డెక్కు మీది 360 మంది. ఎవరి ప్రయత్నం ఎక్కువ అన్న చివరి మాట దగ్గరే కథ తిరగబడుతుంది. పేల్చినవాని శ్రమ క్షణాలది, నమూనా గీసి కట్టించి నడిపించినవారి శ్రమ సంవత్సరాలది.

బౌద్ధులు ఇంకా కఠినంగా ఆలోచించారు. వసుబంధుడు అభిధర్మకోశంలో, చంపడమనే ఒకే ఉద్దేశంతో సైన్యంగా కూడినవారిలో ఒక్కడు చంపినా అందరూ చంపినట్టే అంటాడు. బలవంతాన సైన్యంలో చేర్చబడినవాడు కూడా, ప్రాణం పోయినా ఎవరినీ చంపనని సంకల్పించుకొని ఉంటేనే ఆ పాపం అంటదట. బాయిలర్ ముందు నిలిచినవానికి శత్రువు కనిపించడు. ఏ నౌక మునిగిందో, ఎవరు చచ్చారో పైనుంచి వచ్చే కబురే ఆధారం. ఆపస్తంబుని లెక్కలో అతని పాలు తక్కువ, వసుబంధుని లెక్కలో సమానం. ఈ రెండింటిలో మొదటిదే న్యాయంగా తోస్తుంది. ఎందుకంటే వసుబంధుని సూత్రం అందరినీ సమంగా దోషులను చేసి, ఎవరిని ముందుగా నిలదీయాలో చెప్పకుండా వదిలేస్తుంది.

నౌక లెక్క చివరకు కోకోస్ దీవుల దగ్గర తేలింది. నవంబరు 9న అక్కడి తంతి కేంద్రాన్ని ధ్వంసం చేయడానికి లెఫ్టినెంట్ హెల్ముట్ ఫాన్ మ్యూకె నాయకత్వంలో ఒక దళం ఒడ్డుకు దిగింది. కేంద్రంవారు అడిగిన మీదట, వైర్‌లెస్ స్తంభం టెన్నిస్ కోర్టు మీద పడకుండా జాగ్రత్తపడి కూల్చారు. అంతలో ఆస్ట్రేలియా క్రూజర్ ‘సిడ్నీ’ వచ్చింది. ఎమ్డెన్ గుండు ఒక్కొక్కటి సుమారు 16 కిలోలు, సిడ్నీ గుండు 45 కిలోలు. వేగమూ సిడ్నీదే. మొదటి కొన్ని నిమిషాలు ఎమ్డెన్ గురి అద్భుతంగా తగిలినా, సిడ్నీ దూరం జరిగి, చిన్న ఫిరంగులకు అందని చోటునుంచి కొట్టడం మొదలుపెట్టింది. ఉదయం పదకొండు దాటాక ముల్లర్ నౌకను పగడపు దిబ్బ మీదికి ఎక్కించాడు. వేరే నౌకను తరిమి తిరిగివచ్చిన సిడ్నీ కెప్టెన్ గ్లాసప్, ఎమ్డెన్ మీద జర్మన్ జెండా ఇంకా ఎగురుతూ ఉండటం చూసి, లొంగిపొమ్మన్న సంకేతానికి జవాబు రాకపోగా, కదలలేని నౌక మీద మళ్ళీ గుండ్లు వేయించాడు. జెండా దిగాక ఆపాడు. ఎమ్డెన్ మీద 130 మందికి పైగా మరణించారు, సిడ్నీ మీద నలుగురు. ఆయుధం జారవిడిచినవానిని కొట్టరాదన్న నియమం ఇక్కడ ఒక గుడ్డముక్క దిగిందా లేదా అన్నదాని మీద వేలాడింది. ఈ ఒక్క విషయంలో తప్పు గ్లాసప్‌ది మాత్రమే అనడం కష్టం. దించమని చెప్పవలసింది ముల్లర్.

యుద్ధఖైదీగా మాల్టాలోనూ ఇంగ్లండులోనూ గడిపి, 1923లో నలభైతొమ్మిదవ ఏట మరణించిన ముల్లర్ తన అనుభవాలను పుస్తకంగా రాయలేదు. చనిపోయిన సహచరుల రక్తంతో డబ్బు చేసుకొన్నట్టవుతుందని అతడు వెనుకాడాడని చెబుతారు. చేసిన పనిలో కర్తగా తన పాలును అతడు ఒప్పుకొన్న తీరు అది. కోకోస్‌లో ఒడ్డున చిక్కిపోయిన మ్యూకె మాత్రం ‘అయేషా’ అనే పాత తెరచాప నౌకలో తన దళంతో తప్పించుకొని, అరేబియా మీదుగా ఇస్తాంబుల్ చేరి, పుస్తకాలు రాసి దేశమంతటా పేరు పొందాడు. కొంతకాలం నాజీ పార్టీలో ఉండి బయటికి వచ్చి, శాంతివాదిగా మారి, నాజీ ప్రభుత్వం చేతనే ప్రచురణ నిషేధానికీ నిర్బంధానికీ గురయ్యాడు. రెండో ప్రపంచయుద్ధం తరువాత పశ్చిమ జర్మనీ మళ్ళీ సైన్యాన్నీ ఆయుధాలనూ సమకూర్చుకోవాలని తలపెట్టినప్పుడు, 1957లో చనిపోయేదాకా దానిని బహిరంగంగా వ్యతిరేకించాడు. కర్తగా పేరు మోసిన మనిషి, మంతగా తన వంతు సమ్మతిని ఇవ్వనన్నాడు.